పరుపుల దుకాణంలో ఇమాంబీ పాట

మొన్న కోదాడలో మా దుకాణం ముందు ఒకాయన పాత పరుపు విప్పించి దూది ఏకించుకుంటున్నాడు. ఏకుడు మిషను బండి మీద పెట్టుకుని వీధివీధి తిరిగేవాళ్లు ఇప్పుడు అరుదు. గాలికి లేచిన నలక ఒకటి వచ్చి నా ముక్కులో దూరింది. వరసగా నాలుగు తుమ్ములు. గల్లాపెట్టె ముందు కూర్చుని తుమ్మితే బేరం చెడుతుందని మా నాన్న నమ్మకం. ఆ ప్రకారం నాలుగు బేరాలు చెడాలి. నాకు మాత్రం పాత దూది వాసన, సగం దించిన షట్టరు వెనక ఉక్కపోత, నిలబెట్టిన పరుపుల మధ్య నుంచి ఇమాంబీ పెద్దమ్మ కేక, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. "ఫ్యాను బంద్ జెయ్యి సేటూ! చెమట వోస్తే సావవు గని."

ఆమె మీకు తెలియదు కాబట్టి మొదటినుంచి చెబుతాను. కోదాడకు రాకముందు సూర్యాపేటలో మాది స్టీలు సామాన్ల దుకాణం. మా గోడకు ఆనుకుని ఆమె పరుపుల దుకాణం ఉండేది. భర్త పోయాక ఒక్కతే నడిపింది. దూది ఏకేది తనే, గలేబులో నింపేది తనే, జానెడు సూదితో కుట్టేది తనే. కుడుతున్నంతసేపూ పాడేది. బజారంతటికీ పెద్దమ్మ. మా నాన్నకు ఆమె పాట మీద ఫిర్యాదు లేదు, ధర మీద ఉండేది. ఒకటే ధర, తగ్గించదు. మా ఇంట్లో పిల్లలకు మొదట వచ్చే మాట 'అమ్మ' కాదు, 'ఆఖరు మాట చెప్పు'. అలాంటి వంశంలో పుట్టినందుకు డిగ్రీ రోజుల్లో ఒకసారి ఆమె దగ్గర దిండు బేరమాడాను. అరగంట ఓపికగా విని, దిండు తీసి లోపల పెట్టేసింది. "నువ్వు పండుకునేతందుకు రాలే, గెలిసేతందుకు వచ్చినవ్. దిండెందుకు నీకు?" అంది. ఆ దిండు నాకు దక్కనే లేదు.

చదువైపోయి దుకాణంలో కూర్చున్నాక నాకు మిగిలిన సంగీతమల్లా ఒక పాత కీబోర్డు, దాని మీద వాయించగలిగిన మూడున్నర పాటలు. ఆ రోజుల్లోనే గోడ అవతలి నుంచి ఒక పాట నా చెవిని పట్టుకుంది.

పత్తి పువ్వు తెల్లగుంటది, పరుపు కుట్టే చెయ్యి నల్లగుంటది
పండుకున్న దొరసానికి కుట్టినామె పేరెరుకేనా

"ఎవరిది పెద్దమ్మా ఈ పాట?" అని వెళ్లి అడిగాను. "ఎవలిదేంది? నాదే. కుట్టేటప్పుడు చేతులకు పనుంటది, నోరు ఖాళీగుంటది గదా" అంది. ఇలాంటివి ఇరవై దాకా కట్టిందట. ఒక్కటీ కాగితం మీద లేదు. రికార్డు చేద్దామన్నాను. "దేంతోని?" అంది. అది న్యాయమైన ప్రశ్నే.

ఇంట్లో కూర్చుని పాటలు రికార్డు చేసుకునే సాఫ్ట్‌వేర్ కోసం వెతికాను. మొదట దొరికినది ఏదో విదేశీ కంపెనీది. ధర చూసి, అలవాటు కొద్దీ వాళ్లకు మెయిలు రాశాను. మాది మూడు తరాల వ్యాపారమనీ, నచ్చితే ఇంకో పదిమందికి చెబుతాననీ, ఆఖరు మాట చెప్పమనీ. రెండు రోజులకు ఒక్క వాక్యం జవాబు వచ్చింది, ధర అందరికీ ఒకటేనని. చదివి వినిపిస్తే పెద్దమ్మ సూది పక్కన పెట్టి మరీ నవ్వింది. "నా అసొంటోళ్లు గాడ గూడ ఉన్నరన్నట్టు!" చివరికి ప్రోగ్రాములు రాసేవాళ్లు కొందరు కలిసి తయారుచేసి, ఎవరైనా వాడుకోండని ఊరికే వదిలేసినది ఒకటి దొరికింది. నాకు చెమటలు పట్టాయి. ఉచితంగా ఇచ్చేదాన్ని ఎలా బేరమాడాలో మా వంశంలో ఎవరికీ తెలియదు. "ఇందులో ఏదో మోసముంటది పెద్దమ్మా" అన్నాను. "నీ తాన ఏమున్నదని మోసం జేస్తరు? దించుకో" అంది.

మొదటి ప్రయత్నం మా దుకాణంలోనే చేశాం. ఆమె 'పత్తి పువ్వు' అనగానే బిందెలు, పళ్లాలు, టిఫిన్ డబ్బాలు అన్నీ కలిసి 'వ్వు' అన్నాయి. తిరిగి వింటే ఊరంతా బావిలో దిగి పాడుతున్నట్టుంది. "నీ గిన్నెలకు గూడ పాడాలెనని ఉన్నదిరా. వాటిని ఇంకో దినం పిలుద్దాం" అని లాప్‌టాప్ చంకలో పెట్టుకుని తన దుకాణంలోకి నడిచింది. నాలుగు పరుపులు నిలబెట్టి గదిలా చేసింది, పైన బొంత కప్పింది. లోపల చప్పట్లు కొడితే చప్పుడు పుట్టిన చోటే చచ్చిపోయింది. అక్కడితో అయిపోలేదు. నేను కొన్న చౌక మైకుకు 'ప' అక్షరం పడదు. పెదవులు విడిపోయిన ప్రతిసారీ చెంపదెబ్బ కొట్టినట్టు మోగుతుంది. ఆమె పాట నిండా పత్తి, పువ్వు, పరుపు, పండుకున్న, పేరు! ఆమె కాసేపు చూసి, చిల్లుపడ్డ జల్లెడ చట్రానికి పల్చటి మల్లు గుడ్డ బిగించి మైకు ముందు నిలబెట్టింది. దెబ్బ ఆగిపోయింది. సరిగ్గా అలాంటిదే పెద్ద స్టూడియోలలో వాడతారని తర్వాత తెలిసింది.

ఆమెకు ఇంగ్లీషు రాదు. అయినా నెల తిరిగేసరికి సాఫ్ట్‌వేర్ నాకంటే బాగా పట్టుకుంది. రికార్డు మీట 'ఎర్ర బొట్టు'. తెర మీద ఎత్తుపల్లాలుగా పరుచుకునే గొంతును చూసి, "దూది పరిసినట్టే ఉన్నది. గీడ సూడు, గడ్డ కట్టింది" అని గొంతు పెరిగిన చోట వేలు పెట్టేది. వెనక రొద తీసేయాలంటే ముందు ఉత్త రొద ఉన్న ముక్కను కంప్యూటరుకు చూపించాలి. నేను మూడు వీడియోలు చూసి అర్థం చేసుకున్న ఆ సంగతి ఆమెకు చెప్పే పనే లేకపోయింది. "మరి చెత్త ఏందో సూపియ్యకుంటే ఎట్ల ఏరుతది?" అంది. నేను ఉత్సాహం కొద్దీ రొద మొత్తం తీసేస్తే గొంతు నీళ్లలో నానినట్టయ్యేది. "జాస్తి ఏకకు. పోగు తెగుతది" అనేది.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. మిర్యాలగూడలో జానపద వీడియోలు తీసే స్టూడియో ఒకటి ఉండేది. పెద్దమ్మకు చెప్పకుండా, అప్పటికి చిత్తుగా రికార్డయిన పాట ఫోనులో వేసుకుని ఆ యజమాని దగ్గరికి వెళ్లాను. ఆయన రెండుసార్లు విన్నాడు. కళ్లలో ఆశ కనబడగానే నాలోని మూడు తరాలూ లేచి నిలబడ్డాయి. పొద్దున కూర్చుంటే భోజనాల వేళకు తేలింది. రికార్డింగు ఉచితం, వీడియో ఉచితం. వాళ్ల దగ్గర పాడే అమ్మాయి పాడుతుంది. 'పండుకున్న' బదులు 'నిదురించే', 'ఎరుకేనా' బదులు 'తెలియునా'. చివర చిన్న అక్షరాలతో 'సేకరణ: ఇమాంబీ'. ఆ చివరి మాట కోసం నేను ముప్పావుగంట పోట్లాడాను. పాట ఆయన ఫోనులోకి ఎక్కించి, చేతిలో చెయ్యేసి మాటిచ్చి, యుద్ధం గెలిచినవాడిలా సూర్యాపేట బస్సెక్కాను.

పెద్దమ్మ అంతా విన్నది. "సేకరణంటే?" అని అడిగింది.

"అంటే... ఏరుకొచ్చిన పాట అని."

"నేనేడ ఏరిన? నేను కట్టిన." సూది పరుపులో దింపి, దారం లాగి, ముడి వేసింది. "బేరం మంచిగనే ఆడినవ్ సేటూ. గని నేను అమ్ముతనని నీకెవలు జెప్పిన్రు?"

నా జీవితంలో అంతకు ముందు ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది. ఎంతకు, ఎప్పుడు, ఎన్ని అని అడిగారు గానీ, ఇది నీదేనా, ఇది అమ్మకానికి ఉందా అని అడగలేదు. "మాటిచ్చిన పెద్దమ్మా. వాపసు తీసుకుంటే బజారులో నా మాట పోతది" అన్నాను. "పోనియ్యి. నా పేరు వోవుడు కన్న నీ మాట వోవుడే మంచిది. ఇచ్చింది నువ్వు, తెచ్చుకునేది గూడ నువ్వే. రేపు పొద్దుగాల పోదాం పా."

మిర్యాలగూడ స్టూడియోలో చల్లటి గది, మెత్తటి కుర్చీలు. యజమాని మర్యాదగా టీ తెప్పించాడు. నేను నేల పలకల వైపు చూస్తూ, "ఇచ్చిన మాట వాపసు తీసుకుంటున్న" అన్నాను. మా వంశంలో ఆ వాక్యం పలికిన మొదటివాణ్ని నేనే అయి ఉంటాను. ఆయనకు కోపం రాలేదు. అందుకే నాకు భయమేసింది.

"జానపదం అందరి సొత్తమ్మా" అన్నాడు. "నీదేనని రుజువేంది? మా పిల్ల పాడితే నాలుగు జిల్లాలింటయ్. నువ్వు పాడితే ఎవలింటరు? గొంతుల గరగర, గీ భాష. మీ ఇంట్ల గా ఫుకట్ సాఫ్ట్‌వేర్‌తోని ఏమైతది?"

పెద్దమ్మ టీ చివరి గుక్క దాకా తాగింది. "గరగర దూదిది నాయనా. ముప్పయ్యేండ్ల సంది మింగుతున్న. గది తియ్యాల్నంటే నన్నే తియ్యాలె."

"వచ్చే నెల మేం పెడుతున్నం. ఆపలేరు."

"ఎవలు ఆపుతున్నరు? పెట్టుకో. నీకన్న ముందు నేను పెడ్త."

తిరుగు బస్సెక్కాం. పొలాలు దాటాక, "ఎన్ని దినాలు వడ్తది?" అని అడిగింది పెద్దమ్మ. రోజూ మధ్యాహ్నం కూర్చుంటే రెండు వారాలన్నాను.

మా వీధిలో మధ్యాహ్నం రెండు గంటలపాటు షట్టర్లు సగం దిగుతాయి. అదే మా స్టూడియో సమయం. ఫ్యాను ఆపేవాళ్లం. పరుపుల మధ్య ఇద్దరం ఆవిరి పట్టినట్టు తడిసిపోయేవాళ్లం. అయినా చెరకు రసం మిషను, ఎదురు దుకాణం కూలరు, ఆటోల హారన్లు పాటలోకి దూరుతూనే ఉండేవి. పదో రోజు దాకా ఒక్క ముక్క సరిగా రాలేదు. ఆ రోజు లైను మరమ్మతని కరెంటు తీసేశారు. వీధి వీధంతా తిట్టుకుంటోంది. కూలరు ఆగింది, చెరకు మిషను ఆగింది. "కరెంటు వోయింది! ఎర్ర బొట్టు నొక్కు!" అని పెద్దమ్మ పరుపుల మధ్యకు దూరింది. లాప్‌టాప్‌లో ఛార్జి ముప్పావుగంటది. మొదటిసారి దగ్గు వచ్చింది. రెండోసారి నేనే తుమ్మాను. ఆమె నన్ను తిట్టిన తిట్టు కూడా రికార్డయింది, ఇప్పటికీ నా దగ్గర ఉంది. మూడోసారి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, ఎక్కడా ఆగకుండా, ఆమె తన పాట పాడింది.

ఆ సాయంత్రం నేను నా తెలివి మళ్లీ చూపించాను. మిర్యాలగూడ ఆయన మాటలు లోపల గుచ్చుకుంటున్నాయి కాబోలు, చరణాల మధ్య ఆమె శ్వాస వినబడిన చోటల్లా కత్తిరించాను. శ్రుతి కాస్త దిగిన రెండు చోట్ల సాఫ్ట్‌వేర్‌తో పైకి లాగాను. మర్నాడు వినిపించాను. సగంలోనే ఇయర్‌ఫోన్లు తీసేసింది.

"ఎవలు గామె?"

"నువ్వే పెద్దమ్మా."

"నేనా? ఊపిరి దీస్కోకుంట ఎవలన్న పాడ్తరా, సచ్చినోళ్లు తప్ప? గా మిర్యాలగూడాయన చేసేది నువ్వే చేస్తే మల్ల గంత దూరం ఎందుకు పోయొచ్చినం?"

ఆమె ఎదుటే కత్తిరించినవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చాను. ప్రతి శ్వాస దగ్గరా తల ఊపింది, ఇంటికి తిరిగొచ్చిన వాళ్లను లెక్కపెట్టుకుంటున్నట్టు. పాటను నెట్‌లో పెట్టేటప్పుడు కింద రాయవలసింది తనే ఒక వేలితో కొట్టింది: 'కట్టినదీ పాడినదీ ఇమాంబీ, సూర్యాపేట.' పది నిమిషాలు పట్టింది. నేను సాయం చేయబోతే చెయ్యి తోసేసింది.

ఇరవై రోజులకు వాళ్లదీ వచ్చింది. తియ్యటి గొంతు, వేణువులు, పచ్చటి పొలాల మీద ఎగిరే కెమెరా, 'నిదురించే', 'తెలియునా'. మా పాట విన్నవాళ్లు వాళ్ల పాట విన్నవాళ్లలో ఒక మూలకు రారు. నేను మండిపోయాను. పెద్దమ్మ మాత్రం మొత్తం విన్నది. "పిల్ల మంచిగ వాడింది. పాపం, ఆమెను గూడ ఊపిరి దీస్కోనియ్యలే" అంది. మరి నీకు కోపం లేదా అంటే, "ఎందుకు లేదు? ఉన్నది. గందుకే రేపు ఇంకో పాట. ఇరవై ఉన్నయ్ గదా, ఎన్ని ఏరుకుంటడో ఏరుకోనీ. ఎక్కడ ఏరినవని అడిగినోళ్లకు సూపియ్యనీకి నా గొంతు ముందుగాల ఉంటది" అని జల్లెడ సర్దుకుంది. ఆమె పోయేనాటికి పదిహేడు పాటలు పూర్తయ్యాయి. అన్నీ ఊపిరితో సహా ఉన్నాయి. ఎవరు ఎంత తియ్యగా పాడుకున్నా వాటిని చెరపలేరు.

ఇప్పుడు కోదాడలో మా దుకాణం వెనక గదిలో నేను పాడుకునేవాళ్లకు రికార్డు చేసి పెడతాను. సాఫ్ట్‌వేర్ అదే. శ్రుతి సరిచేసే మీటలు ఇప్పుడు ఇంకా ఎక్కువయ్యాయి, వాడమని ఒత్తిడీ ఎక్కువయింది. పెళ్లి వీడియోల వాళ్లు వచ్చి, "ఏవండీ, ఇంత పచ్చిగా ఉంటే ఎవరు వింటారండీ?" అని చివాట్లు పెట్టి పోతారు. పోనిస్తాను. నేను మారిపోయి మహాత్ముణ్ని కాలేదు. కూరగాయల బండివాళ్లు నన్ను చూస్తే ఇప్పటికీ మొహం తిప్పుకుంటారు. కానీ పాడేవాళ్లను మాత్రం మైకు ముందు కూర్చోబెట్టి మొదట ఒక ప్రశ్న అడుగుతాను. మీ పాటలో నేను ఏది ముట్టుకోకూడదో చెప్పండి అని. కిందటి వారం హుజూర్‌నగర్ వైపు నుంచి నాట్లు వేసే ఒకావిడ వచ్చింది. ప్రశ్న విని మైకును కాస్త దూరం జరిపింది.

"గిట్ల ఎవలు అడగలే సారూ. ఏది ముట్టుకోవద్దంటే... అస్సలే ముట్టుకోవద్దంటే?"

"అస్సలే ముట్టుకోను. పాడమ్మా" అన్నాను.