నిలబెట్టి తిప్పిన కొత్త కారు

1974 ఎండాకాలం. గోదావరిఖని బస్టాండు దగ్గర రేకుల షెడ్డులో నాది కార్ల మెకానిక్ పని. నేను నాలుగో తరగతి దాకే చదివాను. రాయడం ఇదే మొదలు, తప్పులుంటే ఏమీ అనుకోకండి. కానీ ఆ బండి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రాజమల్లు కాక గనిలో హాలేజీ ఖలాసీ. అంటే బొగ్గు టబ్బులను తాడుతో లాగే ఇంజను నడిపే మనిషి. కాలు విరిగి అతికినా, గని పనికి అన్‌ఫిట్ అన్నారు. చేతికొచ్చిన సొమ్మంతా పెట్టి టాక్సీకని కొత్త కారు కొన్నాడు. అది నడిస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

కొత్త ఇంజనుకు రన్నింగ్-ఇన్ అని ఉంటుంది. లోపల పిస్టన్ రింగులు సిలిండరుతో ఒరుసుకుని కుదురుకునే దాకా బండిని మెల్లగా తోలాలి. అదే చెప్పాను.

"కాకా, వెయ్యి కిలోమీటర్ల దాకా లోడు ఎయ్యొద్దు. జోరుగ తోలొద్దు."

"నాకు చెప్తున్నవా బిడ్డా? ఇరవయ్యేండ్లు ఇంజను నడిపినోణ్ణి!" అని నవ్వి వెళ్ళాడు.

తొమ్మిదో రోజు వచ్చాడు. సైలెన్సరు నుంచి నీలం పొగ, అంటే ఇంజనులో ఆయిల్ కాలుతోంది.

"రన్నింగ్-ఇన్ ఖతం, సత్తయ్యా. రేపటి సంది కిరాయిలే."

మీటరు చూశాను. అప్పటికీ ఇప్పటికీ నాలుగే కిలోమీటర్లు పెరిగింది.

"ఏడ తోలినవ్ కాకా?"

"తోలుడెందుకు? గనిల కొత్త మిషనొస్తే ఏం జేస్తం? లోడు లేకుండ షిఫ్టుల కొద్ది ఒట్టిగ తిప్పుతం. గట్లనే క్వార్టరు ముంగట నిలబెట్టి తిప్పిన. పొద్దుగాల షిఫ్టు నాది, రెండోది మీ అవ్వది."

వెనక సీట్లోంచి ఆయన భార్య లచ్చవ్వ అందుకుంది. "నా షిఫ్టుల ఒక్కపారి గూడ ఆగలే బిడ్డా. అండ్లనే కూసొని బియ్యం గూడ ఏరిన."

నేను నెత్తి పట్టుకున్నాను. అసలే పెట్రోలు ధర మండిపోతున్న రోజులు.

"రోడ్డు మీద గుంజకుండ నిలబెట్టి తిప్పితే రింగులు ఎట్ల కూసుంటయి కాకా? ఇది కారా, పిండిగిర్నీయా?"

"లోడొద్దని నువ్వే గదా అంటివి!"

పానా తీసుకుని బండి కిందికి దూరాను.

ఆయిల్ దింపితే నీళ్ళలా పలచగా, పెట్రోలు వాసనతో కారింది. కొత్తది పోసి, నేనే పక్కన కూర్చుని వారం రోజులు పెద్దపల్లి రోడ్డు మీద తోలించాను. కాసేపు ముప్పై, కాసేపు నలభై, ఒకే వేగం మీద పోనివ్వకుండా. కాక అడుగడుగునా వాదమే.

"ఒక్క తీరుగ పోతేనే ఇంజనుకు సుఖం."

"సుఖం ఇంజనుకు కాదు, నీ కాలుకు. తొక్కు!"

పొగ తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. టాక్సీ నడిచింది, వాళ్ళ ఇల్లూ గడిచింది. కానీ ఆ బండి చివరిదాకా ఆయిల్ తాగుతూనే ఉంది. డబ్బా పట్టుకుని వచ్చినప్పుడల్లా కాక తిట్టేది నన్నే.

సగం తప్పు నాదే. ఏం చేయొద్దో చెప్పాను, ఏం చేయాలో చెప్పలేదు. అప్పటి నుంచి కొత్త బండి ఎవరు తెచ్చినా బానెట్ ఎత్తకముందే అడుగుతాను:

"అన్నా, గనిల నీది ఏం డ్యూటీ?"