బేగంపేట బ్యాటుకు అమీర్‌పేట పత్లూన్

మా అమీర్‌పేట జట్టులో పదకొండు మందిమి. అందులో క్రికెట్ వచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతా అందరికీ కుట్టుపని బ్రహ్మాండంగా వచ్చు. నేత ఊళ్ల నుంచి వచ్చి పట్నం అంచున మిషన్లు పెట్టుకున్న కుటుంబాలు మావి. అందుకని ఆట ఎట్లా ఉన్నా మా జట్టు సోకు మాత్రం చూడవలసిందే. ప్యాడ్లు మేమే కుట్టుకున్నాం. బంతి స్పష్టంగా కనబడాలని బౌలరు వెనక కట్టే తెల్ల పర్దాలు మా అన్న కుట్టాడు, మైదానం రెండు కొసలకూ చెరొకటి. చుట్టుపక్కల ఇంకే జట్టుకూ పర్దాలు లేవు. వాటి పుణ్యమా అని మాకు బంతి చక్కగా కనబడేది. కనబడుతూ కనబడుతూనే వచ్చి వికెట్లకు తగిలేది.

పంజాగుట్టవాళ్లు మమ్మల్ని ఓడించడం పండుగ వంటిది, ఏటా తప్పకుండా వచ్చేది. కెప్టెనైన మా అన్నకు ఈ సంగతి అన్నం సహించనిచ్చేది కాదు. అట్లాంటి రోజుల్లో ఎవరో వచ్చి బేగంపేటలో ఒక మొనగాడున్నాడని చెప్పారు. అతను కొడితే బంతి విమానాల మైదానంలో పడుతుందట. పిలిస్తే ఏ జట్టుకైనా ఆడతాడట. పైసలు ముట్టడట. దొరలు కాళ్లకు తొడుక్కునేటటువంటి తెల్ల పత్లూన్ ఒకటి కుట్టిస్తే చాలునట.

చాలునట! యుద్ధం నడుస్తున్న కాలం. తెల్లబట్ట దొరకడం కన్నా దేవుడు దొరకడం సులువు. మా దుకాణంలోనే పాత కోట్లు తిరగేసి కుట్టడం తప్ప కొత్త తాను విప్పి చాలా కాలమైంది.

దీని మీద మా దుకాణం ముందు పంచాయతీ కూచున్నది. ఒక పెద్దాయన, జీవితంలో బ్యాటు పట్టనివాడు, నిలబడి తీర్పు చెప్పినట్టు చెప్పాడు.

"ఆయనొక్కడు వస్తే మస్తు రన్లు కొడతడు. మనం పదిమందిమి గిట్ల నీడకు కూసోవచ్చు."

"నీడకు కూసునేటందుకు ఆయనెందుకు పెద్దయ్యా, గది మనం ఇప్పుడు సుత చేస్తున్నం గద" అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు. జట్టుకు మొనగాడు వస్తున్నాడంటే తెలివి ఉన్నవాడు మొదటి శత్రువు.

తీర్మానం అయింది. ఇక బట్ట ఎక్కడిదనే ప్రశ్న మిగిలింది. అందరి చూపులూ మా అన్న మీద, మా అన్న చూపు నా మీద. యుద్ధానికి ముందు కొన్న తెల్ల డ్రిల్లు గుడ్డ ఒకటి మా అమ్మ సందూకులో ఉంది. అది నా పత్లూన్ కోసం దాచినది. వచ్చే నెల మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక దఫ్తరులో గుమాస్తా కొలువు కోసం నేను సాహెబు ముందు నిలబడాలి. ధోతి కట్టుకుని వచ్చినవాణ్ని ఆ సాహెబు గడప కూడా ఎక్కనివ్వడని అందరూ చెప్పుకునేవారు. చదివిన చదువంతా ఆ గుడ్డ మీద ఆధారపడి ఉంది.

"తమ్మీ, నీకింక నెల టైమున్నది. ఫికర్ చెయ్యకు, ఏదన్న చేద్దం" అన్నాడు అన్న.

సందూకు మూత దబ్బున వేసి మా అమ్మ అన్నది, "సొమ్మొకడిది, సోకొకడిది."

బేగంపేట మొనగాడికి చోటు కావాలి కాబట్టి జట్టులో నుంచి ఒకణ్ని తీసేయాలి కదా. అది కూడా నన్నే. గుడ్డ ఇచ్చినవాడికి ఆ మాత్రం గౌరవం చేయకపోతే ఎట్లా?

పత్లూన్ మాత్రం, ఒళ్లు మండుతున్నా చెప్పాలి, అద్భుతంగా కుదిరింది. ఆట నాడు అది వేసుకుని అతను వస్తుంటే గల్లీ గల్లీ బయటికి వచ్చి చూసింది. ఆడవాళ్లు కుట్టు గురించి, మగవాళ్లు కోత గురించి మాట్లాడుకున్నారు. ఆట గురించి ఎవరూ మాట్లాడలేదు.

అతను మొదటి బంతి మెల్లగా కొట్టి ఒక పరుగు తీశాడు. రెండో పరుగుకు బయలుదేరి, సగం దాటాక ఆలోచన మారి వెనక్కి తిరిగాడు. బంతి వికెట్ల దగ్గరికి వస్తోంది. నేల మీద పడి బ్యాటు జాపితే బతుకుతాడు. సరిగ్గా అప్పుడు మా అమీర్‌పేట అమీర్‌పేటంతా ఒక్క గొంతుతో అరిచింది.

"పడకు భాయ్! తెల్లబట్ట! ఖరాబైతది!"

పాపం, మర్యాదస్తుడు, ఆగిపోయాడు. అవుటయ్యాడు. పత్లూన్ మీద మరక లేదు. పంజాగుట్ట గెలిచింది.

కనీసం నా గుడ్డ నాకు ఇప్పించమని అన్నను అడిగాను.

"ఎవరి కొలతకు కత్తెర పడితే బట్ట వాళ్లదే. మన పనిల గది కానూన్" అన్నాడు. ఆ రోజు అన్న మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. చాలా రోజులు మాట్లాడలేదు.

సాహెబును కలవవలసిన రోజు పొద్దున్న నా మంచం మీద తెల్ల పత్లూన్ ఒకటి మడత పెట్టి ఉంది. గుడ్డ కొంచెం మోటు. నడుము దగ్గర లోపలివైపు, చిల్లి పూడ్చినట్టు, గుండ్రంగా ఒక రఫూ. ఎక్కడిదని అడగాలంటే మాట్లాడాలి, కాబట్టి అడగలేదు. కొలువు వచ్చింది.

మరుసటి ఏడు ఆటకు పంజాగుట్ట జట్టుతో పాటు ఎవరు వచ్చారనుకున్నారు? మన బేగంపేట మొనగాడే, మన పత్లూన్ వేసుకుని! జట్టులో నా చోటు నాకు దక్కింది. నేనూ పంతానికి నా పత్లూనే వేసుకుని దిగాను. అతను బ్యాటు పట్టుకుని ఎదురుగా చూసి, ముఖం చిట్లించాడు.

"అన్నా, గా దిక్కు పర్దా ఏది?"

మా అన్న ఒక్కసారి నా కాళ్లకేసి చూసి తల తిప్పుకున్నాడు. నడుము దగ్గరి రఫూ నాకు అప్పుడు అర్థమైంది. అది పర్దాకు తాడు కట్టే కన్నం. ఊళ్లో ఎవరికీ లేవని అన్న గర్వంగా చెప్పుకునే పర్దాల్లో ఒకదాన్ని నేను తొడుక్కుని తిరుగుతున్నాను.

పర్దా లేని వైపు నుంచి వచ్చిన బంతి అతని కంటికి సరిగ్గా ఆనలేదు. బ్యాటు అంచుకు తగిలి గాలిలోకి లేచి, నాకు దూరంగా కిందికి దిగుతోంది. పరిగెత్తాను. అందాలంటే ఎర్రమట్టిలో పడాల్సిందే. చుట్టూ మావాళ్లంతా అలవాటు ప్రకారం మొదలుపెట్టారు.

"పడకు! తెల్లబట్ట! పడకు!"

వాళ్లందరినీ మించి ఒక్క గొంతు వినబడింది, మా అన్నది.

"పడు తమ్మీ! పడు!"

పడ్డాను. బంతి చేతిలోనే ఉంది. మరునాడు, శనివారం, దఫ్తరుకు మోకాళ్ల మీద ఎర్ర మరకలతోనే వెళ్లాను.