ఆగిపోయిన మెయిళ్లు చూసే అక్క

మొన్న ఆదివారం పొద్దున డోన్ నుంచి ఫోన్ వచ్చింది. అక్క వాళ్ల తమ్ముడు. "అక్క ల్యాదమ్మా. నిద్రలోనే పోయింది" అన్నాడు.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. కడపలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో నేను చేరినప్పుడు నా పక్క కుర్చీ ఆమెది. ఆఫీసంతా అక్క అనేవాళ్లు, నేనూ అక్క అన్నాను. కొన్నాళ్లకు అది వట్టి పిలుపుగా మిగల్లేదు.

కంపెనీ కనెక్షన్‌తో పాటు మెయిల్ కూడా ఇచ్చేది. మోసపు మెయిళ్లు, చెత్త ప్రకటనలు చందాదారుల దాకా పోకుండా ఆపడం మా పని. చాలావరకు సాఫ్ట్‌వేరే ఆపేది. పంపిన సర్వర్‌కు చెడ్డపేరుందా, ఒకే మెయిల్ ఒక్కసారిగా వేలమందికి పోతోందా, అందులోని లింకు ఎక్కడికి తీసుకుపోతుంది, ఇవన్నీ చూసి అనుమానం వస్తే పక్కన పెట్టేది. కొన్నాళ్లు ఆగి అవి వాటంతటవే చెరిగిపోయేవి.

అక్క మాత్రం పొద్దున్నే బొరుగుల ఉగ్గాని పొట్లం విప్పుకుని, ఆ పక్కన పెట్టినవాటి ముందు కూర్చునేది. "పైన పేరు ఒకటుండి, వచ్చిన దావ, అదే అడ్రసు, ఇంకోటుంటే అనుమానపడు పాపా" అని నేర్పింది. ఎవరి మెయిలూ తెరిచేది కాదు. ఒకసారి నేను తెరవబోతే చేయి పట్టుకుంది. "పైన సూస్తే సాలు. లోపలిది మనది కాదు."

ఒక వేసవిలో దొంగ ఉద్యోగాల మెయిళ్లు వెల్లువలా వచ్చాయి. నమ్మి మోసపోయినవాళ్లు ఆఫీసుకొచ్చి గొడవ చేశారు. మేనేజరు విసిగిపోయి, ఉద్యోగం అన్న మాటతో తెలియని చోటినుంచి వచ్చేవన్నీ ఆపడం కాదు, వెంటనే చెరిపేయమన్నాడు.

"చెరిపేస్తే మళ్లా తేలేం సార్" అంది అక్క.

"అయన్నీ సూసేదానికి ఎవురుండారమ్మా?"

"నేనుండా కదా సార్."

ఆయన సరే, కానిమ్మన్నాడు.

ఆ వారంలోనే ఒక మెయిల్ ఆమె కంటపడింది. తిరుపతిలో కొత్తగా పెట్టిన ఆసుపత్రి నుంచి, బద్వేలులోని ఒక నర్సమ్మాయికి వచ్చింది. సోమవారం ఇంటర్వ్యూ అని పైన సబ్జెక్టులోనే ఉంది. సర్వర్ కొత్తది కాబట్టి సాఫ్ట్‌వేర్ నమ్మలేదు. అక్క ఆసుపత్రికి ఫోన్ చేసి విచారించుకుని, మెయిల్‌ను ఆ అమ్మాయికి పోనిచ్చింది. కానీ ఆ అమ్మాయి తన మెయిల్ తెరవనే లేదు. కనెక్షన్ కాగితాల్లోని నంబరు చూసి ఇంటికి ఫోన్ చేస్తే తండ్రి ఎత్తాడు.

"ఉద్యోగమా? మొన్న ఒగడు ఇట్లే మాట్లాడి మోసం చేసినాడు. అప్పట్నుంచి కంప్యూటర్ మూసేసినాం. ఫోన్ పెట్టెయ్ తల్లీ."

మళ్లీ చేస్తే ఎత్తలేదు. శనివారం మధ్యాహ్నం అక్క సంచి భుజాన వేసుకుంది. "బద్వేలుకు పోతాండా. వస్తావా పాపా?"

వెళ్లాం. చర్చి వెనక వీధిలో ఇల్లు. తండ్రి గడప దాటనివ్వలేదు. మా కంపెనీ కార్డు చూపించినా, "ఇట్లాటి కార్డులు ఎవురైనా అచ్చేసుకుంటారు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. అక్కకు రాలేదు.

"నిజమేనన్నా. నన్ను నమ్మొద్దు" అంది. లోపల నిలబడిన అమ్మాయితో, "నువ్వే ఆ ఆసుపత్రి నంబరు యాడనుంచన్నా కనుక్కోని ఫోన్ చెయ్‌మ్మా. నేనిచ్చే నంబరుకు మాత్రం చెయ్యాకు" అంది.

ఆ అమ్మాయి తెలిసిన నర్సును అడిగి నంబరు సంపాదించింది. మేం వాకిట్లో ఎండలో నిలబడ్డాం. లోపల మాటలు వినిపించాయి, తర్వాత ఏడుపు. తండ్రి కంగారుపడి లోపలికి పరుగెత్తాడు, కాసేపటికి కళ్లు తుడుచుకుంటూ వచ్చి మాకు మంచం వాల్చాడు. "నిజమేనంట. కూసోండమ్మా, అన్నం తిని పోదురు" అన్నాడు. ఆ అమ్మాయి సోమవారం తిరుపతి వెళ్లింది, ఉద్యోగమూ వచ్చింది.

తిరుగు బస్సులో అక్క అంది: "చెత్త లోపలికొస్తే జనం మనల్ని తిట్టుకుంటారు. మంచిది బయటే ఆగిపోతే వాళ్లకు తెలియనే తెలీదు పాపా. తిట్టను కూడా తిట్టరు."

కంపెనీ తర్వాత మెయిల్ ఇవ్వడం మానేసింది. నేను వేరే ఉద్యోగానికి పోయాను, అక్క డోన్‌లో తమ్ముడి దగ్గరికి చేరింది. ఇప్పుడు నా మెయిళ్లను ఎక్కడో ఏ యంత్రమో వడపోస్తుంది. బాగానే చేస్తుంది. కానీ పక్క కుర్చీలోంచి "ఏం పాపా, టీ తాగొద్దామా?" అని ఎవరూ అడగరు. ఇప్పటికీ పని మధ్యలో తల అటు తిప్పుతాను.

పోయిన ఏడాది ఆఖరిసారి అక్కను చూడ్డానికి డోన్ వెళ్తే, మనిషి చాలా చిక్కిపోయింది. వద్దన్నా వినకుండా స్టేషన్ దాకా వచ్చింది. రైలు కదిలాక ఏదో గుర్తొచ్చినట్టు నాలుగడుగులు ముందుకేసి, కొంగు నెత్తిన కప్పుకుంటూ, గట్టిగా ఏమో చెప్పింది. చక్రాల చప్పుడులో వినపడలేదు. వినపడినట్టు తలూపాను. ఆమె నవ్వి, ఎండలో అక్కడే నిలబడిపోయింది.