ఆఖరాయన, ఆస్పత్రి లాండ్రీ

ఆఫీసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆయన ఆఖరాయన. ఆ కంపెనీ ఆస్పత్రులకీ గోడౌన్లకీ ఏడాది చందా మీద సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. కొత్త వెర్షన్ రాగానే పాతదానికి ముందు కొత్త హంగులు ఆపేస్తారు. కొన్నాళ్లు భద్రతకు సంబంధించిన మరమ్మతులు మాత్రం చేస్తారు. ఆఖరికి ఒక తేదీ వేసి, ఆ సాయంత్రంతో సహాయం ఫోను కూడా కట్ చేస్తారు. ఆ తేదీ దాకా ఫోను దగ్గర కూర్చుని, ఇంకా పాతదాన్నే పట్టుకు వేలాడుతున్నవాళ్లని బుజ్జగించి కొత్తదానికి మార్చడం ఆయన ఉద్యోగం.

వినడానికి ఏడుపుగొట్టు పనే. ఆయన మాత్రం దాన్ని ఏరికోరి తీసుకున్నాడు. చేరిన కొత్తలో పాత వెర్షన్ ఫోను అంటే అందరూ మొహం చాటేస్తుంటే, నాకివ్వండి అని చెయ్యి చాపాడు. కొత్తది వాడేవాళ్లు చికాకు మీద ఉంటారు, పాతది వాడేవాళ్లు దానితో సర్దుకుపోయి ఉంటారు కాబట్టి కబుర్లు చెబుతారు. కబుర్లంటే ఆయనకి ప్రాణం. ఒక వెర్షన్ ముగిసిన మర్నాడే ఇంకో ముసలి వెర్షన్ ఆయన బల్ల మీదకి వచ్చేది.

బట్టలు కుట్టే భార్య ఆటపట్టించేది. "మీరు వెళ్లి కూర్చున్నారంటే ఆ దుకాణానికి తాళం పడ్డట్టే. నా షాపు ఛాయలకి రాకండి బాబూ." ఆయన పనిగట్టుకుని రోజూ సాయంత్రం అక్కడికే వెళ్లి, కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చుని గుండీలు కుట్టేవాడు. షాపు నిక్షేపంగా నడుస్తూనే ఉంది.

ఆయనలో ఒకటే లోపం, కటువుగా మాట్లాడలేడు. ఎవరు ఫోన్ చేసినా ముందు ఆ తేదీ చెప్పి తీరాలని కంపెనీ రూలు. ఫలానా రోజు తర్వాత మీ వెర్షన్‌కి ఎలాంటి సహాయమూ అందదు అని. ఇంత మంచివాళ్లతో అంత పాడుమాట ఎలా అంటామని, ఆయన దాన్ని మెత్తగా, లయగా, ఒక్క గుక్కలో లాగించేసి, "ఇప్పుడు చెప్పండమ్మా, ఏం కష్టమొచ్చింది?" అనేవాడు.

అదే కొంప ముంచింది. ఈసారి గడువు ముంచుకొచ్చేసరికి అందరూ మారిపోయారు, ఒక్క ఆస్పత్రి లాండ్రీ తప్ప. అక్కడి పెద్దావిడని అందరూ మేస్త్రమ్మ అంటారు. ఆయనే ఫోన్ చేశాడు.

"మేస్త్రమ్మగారూ, మీరింకా మారలేదేంటండీ?"

"ఎక్కడికి మారాలి అన్నయ్యగారూ?"

"కొత్త వెర్షన్‌కండీ. ఎన్నాళ్ల నుంచో ప్రతి ఫోనులోనూ చెబుతూనే ఉన్నా కదా."

అవతల మిషన్ల మోత మీదుగా మేస్త్రమ్మ గొంతు పెంచింది.

"అదా! అది మీరు ఫోనెత్తగానే పాడే పాట అనుకున్నామండీ. మా అమ్మాయిలకి నోటికొచ్చేసింది కూడా."

ఆవిడ ఫోను అటు తిప్పగానే, నలుగురైదుగురు ఆడవాళ్లు ఆయన లయతో సహా ఆ వాక్యాన్ని అప్పజెప్పారు. ఆయనకి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే క్యాలెండరులో గడువు తేదీ చూసుకున్నాడు. సహాయం ఆగిపోయిన సాఫ్ట్‌వేర్‌ని ఆస్పత్రివాళ్లు తమ కంప్యూటర్లతో కలవనివ్వరు. అప్పుడు ఏ వార్డుకి ఎన్ని దుప్పట్లు పోవాలో లాండ్రీకి తెలిసే దారి లేదు. ఉతికినవి ఒకచోట, రోగులు ఇంకోచోట. ఇదంతా తన తియ్యటి గొంతు చేసిన నిర్వాకమే.

మేనేజరు తేలిగ్గా తీసిపారేశాడు. "మీరు చెప్పారు, వాళ్లు వినలేదు. మన తప్పేముంది సార్?"

"చెప్పాను గానీ, వినేలా చెప్పలేదు బాబూ," అన్నాడాయన. మనుషుల్ని పంపే అలవాటు కంపెనీకి లేదు. మర్నాడు సెలవు పెట్టి తనే వెళ్లాడు.

లాండ్రీలో ఆవిరి మొహానికి కొట్టింది. ముందుగదికి ఎదురెదురుగా రెండు తలుపులు. ఎడమచేతి తలుపులోంచి మాసినవి వస్తాయి, కుడిచేతి తలుపులోంచి ఉతికినవి పోతాయి. మధ్యలో గోడకి ఆనించి ఇనుప బల్ల, దాని మీద కంప్యూటరు. ఆయన కొత్త వెర్షన్ ఎక్కించి, అమ్మాయిల్ని కూర్చోబెట్టాడు. పాతదాంట్లో మాసినవి తెర మీద ఎడమ గడిలో, ఉతికినవి కుడి గడిలో నొక్కేవాళ్లు. కొత్తదాంట్లో ఏ మహానుభావుడో ఆ రెంటినీ అటుదిటు చేశాడు. ఏళ్ల అలవాటున్న చేతులు ఎప్పట్లాగే తలుపు ఉన్నవైపుకే పోయాయి. మధ్యాహ్నానికల్లా మాసిన దుప్పట్ల బండి మొత్తం ఆపరేషన్ వార్డుకి చేరిపోయిందని తెర మీద పడింది. అక్కడినుంచి నర్సు ఫోన్ చేసి, దుప్పట్లు ఏవీ అని నిలదీసింది.

"వద్దన్నయ్యగారూ, మా పాతదే మాకిచ్చెయ్యండి," అంది మేస్త్రమ్మ.

ఆయన తల పట్టుకున్నాడు. గడులు మార్చమని కొత్త వెర్షన్ వాళ్లని ఫోన్లో బతిమాలితే, వచ్చే ఏడాది చూద్దామన్నారు. దిక్కుతోచక గోడకీ బల్లకీ మధ్య సందులోకి దూరి, కంప్యూటర్ వెనక తీగలు ఊరికే కదిపి చూశాడు. అక్కడ నిలబడి తలెత్తితే మాసినవాటి తలుపు ఆయన కుడిచేతి వైపుంది.

"ఇక్కణ్నుంచి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా. తప్పంతా మీ వైపే," అన్నాడు వేళాకోళంగా.

మేస్త్రమ్మ నవ్వలేదు. ఆయన్ని చూసింది, తలుపుల్ని చూసింది, బల్లని చూసింది.

"అయితే మేమే అటొచ్చేస్తాం," అంది.

అమ్మాయిలంతా కొంగులు దోపి బల్లకి తలో మూలా పట్టారు. ఆయనా ఒక మూల పట్టి, కాలి మీద పడేసుకుని, కేకపెట్టి నవ్వించాడు. బల్ల వెనక్కి తిరిగింది, కుర్చీ గోడ వైపుకి చేరింది. ఇప్పుడు మాసినవి కుడివైపు, ఉతికినవి ఎడమవైపు, తలుపులూ గడులూ ఒకటే దారి. చేతులు తలుపు వైపుకి పోతే చాలు, తప్పు పడదు. పైగా ఇన్నేళ్లూ గోడని చూస్తూ కూర్చున్న మనిషికి ఇప్పుడు ఎదురుగా అదే గదిలో ఇస్త్రీ చేసేవాళ్లు కనిపిస్తున్నారు. సాయంత్రానికి ఒక్క దుప్పటీ దారి తప్పలేదు. కుంటుకుంటూ భార్య షాపుకి వెళ్లిన ఆఖరాయన, ఆ రోజు కుట్టిన గుండీలన్నీ వంకరగా కుట్టాడు. సంతోషం ఎక్కువైతే ఆయన చేతులు అంతే.

ఆఖరి రోజు వచ్చింది. వాడేవాళ్లు ఎవరూ మిగలకపోయినా, సాయంత్రం దాకా ఫోను దగ్గర మనిషి ఉండాలి. ఆయన తీరిగ్గా కూర్చున్నాడు. మూసే వేళకి ఫోను మోగింది. లాండ్రీ నంబరు. ఆయన గభాలున ఎత్తాడు.

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదన్నయ్యగారూ. అంతా బాగుంది."

"మరి?"

"ఇన్నేళ్లూ ఏదో ఒకటి పాడైతేనే మీకు ఫోన్ చేశాం. ఏమీ పాడవకుండా ఒక్కసారైనా చెయ్యాలి కదా అని చేశాం."

ఎవరూ అడక్కపోయినా ఆయన తన కాలు బాగానే ఉందని చెప్పాడు. ఫోను చేతులు మారింది. ఒకమ్మాయి బాగున్నారా అంది, ఇంకొకమ్మాయి మా గదికి మళ్లీ రండి అంది. చివరికి మేస్త్రమ్మ నవ్వాపుకుంటూ మళ్లీ అందుకుంది.

"అన్నట్టు, మేం ఎదురెదురుగా కూర్చుని కబుర్లాడుతుంటే నిన్న పెద్ద నర్సుగారు వచ్చారండీ. వచ్చి, నడుం మీద చేతులేసుకుని నిలబడి ఏమన్నారనుకున్నారు..."

టక్కున లైను తెగింది. ఈ సేవ ముగిసిందని మిషను గొంతు ఒకటి చెప్పింది. ఆఖరాయన కాసేపు ఆ ఫోనుకేసి చూసి, జాగ్రత్తగా పెట్టేశాడు. తర్వాత జేబులోంచి తన సొంత ఫోను తీసి, లాండ్రీకి కలిపాడు.

"మధ్యలో తెగిపోయిందమ్మా. ఇంతకీ ఆ నర్సుగారు ఏమన్నారు?"