కట్టలతో వేసిన వాము

మా నందిగాం వైపు గడ్డివాము వేయాలంటే నాన్ననే పిలిచేవారు. ఎంత వాన పడ్డా ఆయన వేసిన వాములోకి చుక్క దిగేది కాదు. ఆ పేరు చూసుకుని కొంచెం పొగరు కూడా ఉండేది. ఉండనీ, అంత పనిమంతుడికి ఆ మాత్రం లేకపోతే ఎలా? వాము వేసేముందు ఒక పరక తుంచి చెవి దగ్గర పెట్టుకుని నలిపేవాడు. చిటపటమంటే ఎండినట్టు. మెత్తగా నలిగితే ఇంకా ఎండనిచ్చేవాడు.

ఇంటింటికీ సెల్‌ఫోన్లు వచ్చే నాటికి కోతకి మనుషులు దొరకడం మానేశారు. ముందు కోత మిషను వచ్చింది. దాని వెనకే, పొలంలో పడున్న గడ్డిని ఎత్తి, చుట్టి, తాడుతో బిగించి పడేసే కట్టల మిషను వచ్చింది. మా మడిలో మంచు ఆరకుండానే పని ముగించుకుని పోయింది. ఎక్కడ కొంపలంటుకున్నాయో మరి!

నాన్న ఆ కట్టల్ని ఎండలో ఉంచాడు. తర్వాత పైనుంచి ఒక పరక లాగి చెవి దగ్గర నలిపాడు. చిటపటమంది.

"మిషను కడితే మాత్రమేటి, గడ్డి గడ్డే కదే," అన్నాడు అమ్మతో.

కట్టలు పేర్చి, సందుల్లో చిందిన గడ్డి కూరి, పైన తాటాకు కప్పాడు. గాలి కూడా దూరనంత బాగా వేశాడు.

మా ఎద్దుల జత ఆ వాము మీదే ఎండాకాలం దాటాలి. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులెందుకని ఊరంతా అడిగేది. నాన్న వాటి మెడ నిమిరేవాడు.

పాత గడ్డి అయిపోయాక మొదటి కట్ట విప్పాడు. మంచు తడి లోపలే ఉండిపోయి అంతా నల్లగా బూజు. ఇంకొకటి విప్పాడు, అదీ అంతే. కాస్త నయమనిపించిన గుప్పెడు ఏరి ఎద్దు ముందు పెట్టాడు. అది వాసన చూసి మొహం తిప్పుకుంది.

"తినరా బాబూ, తినరా," అని బతిమాలాడు. నాకు ఏడుపొచ్చింది.

పోనీ కొందామంటే ఊళ్లో గడ్డంతా అప్పటికే లారీలెక్కి ఎక్కడి డెయిరీలకో పోయింది.

"ఏటి సేత్తావు ఇప్పుడు?" అంది అమ్మ.

"అమ్మీడమే. ఇంకేటి సేత్తాను?"

ఆ వారమే జతని సంతకి తోలుకెళ్లాడు. పలుపుతాళ్లు మాత్రం చేత్తో పట్టుకుని తిరిగొచ్చాడు.

ఆ తర్వాత వాము వేయమని ఎవరూ పిలవలేదు, వేసేవాళ్లూ లేరు. ఎక్కడైనా గడ్డి కనిపిస్తే నాన్న చెయ్యి ఊరుకునేది కాదు, ఒక పరక తుంచేవాడు. చెవి దాకా తీసుకెళ్లి, నలపకుండానే కింద పడేసేవాడు.