యావో పుట్టిన వారం

నీరంతా పిండేసిన కర్రపెండలం ముద్దను జల్లెడలో వేసి అకిసీ రెండు చేతులతో రుద్దుతోంది. కింద పళ్ళెంలోకి రవ్వ సన్నగా రాలుతోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి గానీ, మనసు అక్కడ లేదు. ఆ పూటే ఆమె అప్పీలు విచారణ.

ఎన్నికల గొడవల్లో తుపాకులవాళ్ళు ఆమె మొగుణ్ణి ఇంట్లోంచి లాక్కుపోయారు. అప్పటికి ఆమె పచ్చి బాలింత. బిడ్డ యావోను వీపున కట్టుకుని ఐవరీ కోస్ట్ సరిహద్దు దాటి ఘనాలోని ఈ శిబిరానికి చేరింది. శరణార్థిగా గుర్తించమని అడిగితే మొదటిసారి కాదన్నారు. మొగుణ్ణి పట్టుకుపోయింది గురువారమని ఆమె, శుక్రవారమని అదే ఊరి నుంచి వచ్చిన, ఆమెకు పిన్నిలాంటి తాంతీ అహూ చెప్పారట. మాట కలవనివాళ్ళను నమ్మేదెలాగని రాశారు. ఇవాళా నమ్మకపోతే వెనక్కి పొమ్మంటారు. ఆ తుపాకులవాళ్ళు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు.

తను గురువారం అనలేదని అకిసీ పక్కనే ఉన్న తాంతీతో మళ్ళీ చెప్పింది.

"అననిది కాయితంలోకి ఎలా ఎక్కిందే? భయంలో నోరు జారుంటావు" అంది తాంతీ. "అక్కడ నీళ్ళు నమలకు. ఆ జల్లెడ ఇటిచ్చి కదులు."

విచారణ గదిలో ఘనా అధికారి మేడమ్ డాడ్జీ పక్కన పోయినసారి వచ్చిన దుబాసీ అన్సానే కూర్చుని ఉన్నాడు. మొగుణ్ణి ఏ రోజు పట్టుకుపోయారని మేడమ్ అడిగించింది.

యావో పుట్టిన రోజునే అంది అకిసీ, ఫ్రెంచిలో.

అన్సా దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. అందులో 'థర్స్‌డే' అన్న మాట ఆమె చెవిన పడింది. పోయినసారి ఆమెకు ఇంగ్లీషు ముక్క రాదు. ఇన్ని నెలలుగా ఘనా బజారులో పెండలం రవ్వ అమ్ముతూ రోజుల పేర్లు నేర్చుకుంది.

"నేనా మాట అనలేదు" అంది.

మేడమ్ కలం ఆగింది. అన్సా నవ్వాడు.

"యావో వాళ్ళమ్మా, యావో అన్నావుగా. యావో అంటే గురువారం పుట్టినవాడే. మా తమ్ముడూ యావోనే."

"మీ తమ్ముడు గురువారమే పుట్టుంటాడు. మా బావులే తెగవాళ్ళలో శుక్రవారం పుట్టకపోతే యావో అని ఎందుకు పెడతాం?"

అన్సా మొహంలో నవ్వు పోయింది. ఆమె అన్నది మేడమ్‌కు చెప్పక తప్పలేదు. వంతు కోసం బయట బల్ల మీద కూర్చున్న బావులేవాళ్ళలో ఒకరిని పిలవమంది మేడమ్. కోఫీ అనే ముసలాయన లోపలికొచ్చాడు. సంగతేమిటో ఆయనకు తెలియదు. ఏ రోజు పుట్టావని అడిగితే శనివారమన్నాడు.

"మా దగ్గర కోఫీ అంటే శుక్రవారం పుట్టాలి" అంది మేడమ్.

"అయితే మా అమ్మ ఒక రోజు ఎక్కువ నొప్పులు పడిందన్నమాట."

మేడమ్ నవ్వలేదు. అన్సా వైపు తిరిగి, పోయినసారి ఈమె నోటితో గురువారం అందా అని అడిగింది. అందని ఒక్క మాట అంటే అతని ఉద్యోగానికి ఢోకా లేదు. అకిసీ బిడ్డను వీపున కట్టుకున్న గుడ్డ ముడిని గట్టిగా పట్టుకుంది.

"లేదు మేడమ్," అన్నాడు అన్సా చివరికి. "ఆమె కొడుకు పేరే చెప్పింది. గురువారమన్నది నేనే చేర్చాను."

పాత నిర్ణయం ఇక నిలవదనీ, కేసును శరణార్థుల బోర్డు మళ్ళీ చూస్తుందనీ, అంతవరకూ ఆమెను ఎవరూ పంపించరనీ మేడమ్ చెప్పింది. కాకపోతే మొత్తం మొదటినుంచి చెప్పాలంది. మరచిపోవాలనుకున్నదంతా అకిసీ మళ్ళీ చెప్పింది. ఈసారి పేరు వచ్చినప్పుడల్లా అన్సా ఆగి, ఏ వారమని అడిగి మరీ రాయించాడు.

సంతకం పెట్టమంటే ముందు ఫ్రెంచిలో చదివి వినిపించమంది అకిసీ. వింటూ ఒకచోట చెయ్యి అడ్డం పెట్టింది.

"మా ఆయన వెళ్ళిపోలేదు. పట్టుకుపోయారు. అలాగే రాయండి."

మేడమ్ ఆ మాట కొట్టేసి దిద్దింది. మిగతాదంతా చివరిదాకా విని, అకిసీ ప్రతి పేజీ అడుగునా సంతకం పెట్టి, కాయితాలు సమంగా సర్ది మేడమ్ చేతికిచ్చింది.