రహిమాన్ రందా మిషను కొన్న వైనం

ఆళ్లగడ్డలో రాతిబొమ్మలు చెక్కేవాళ్ల పేరు చాలా దూరం పాకింది గానీ, కొయ్యపని చేసే అబ్దుల్ రహిమాన్ పేరు చుట్టుపక్కల పాతిక ఊళ్లు దాటలేదు. ఆ పాతిక ఊళ్లలో మాత్రం రెహల్ కావాలంటే అందరూ అతని ఇంటికే వస్తారు. రెహల్ అంటే ఖురాన్ పెట్టుకుని చదువుకునే మడత పీట. ఒకే పలకను మధ్యలోకి చీల్చి, మేకు గానీ బందు గానీ లేకుండా రెండు రెక్కలుగా విప్పుతాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లుగా ఇదే పని. పలకను చిత్రిక పట్టి చదును చేయడం అతని వంతు, గరుకు కాగితంతో రుద్దడం భార్య ఖాజాబీ వంతు.

పోయిన ఏడాది అతని కుడి భుజం పట్టేసింది. ఇంకా చిత్రిక పడితే చెయ్యి పైకి లేవదని డాక్టరు ఖరాకండిగా చెప్పాడు. ఇక రందా మిషను కొనక తప్పలేదు. రెండు ఇనప బల్లల మధ్య కత్తుల రోలరు గిర్రున తిరుగుతుంటుంది. దాని మీదుగా పలకను తోస్తే చాలు, చిత్రిక పడిపోతుంది.

బాడిస కొన్నా, ఉలి కొన్నా రహిమాన్ ఎన్నడూ రెండో మనిషిని సలహా అడగలేదు. వేలితో ఒకసారి గీటి చూస్తే ఇనుము గుణం తెలిసిపోయేది. మిషను దగ్గర ఆ విద్య పనికి రాలేదు. కొత్తది కొనాలా, పాతది కొనాలా అన్న చోట చిక్కుకుపోయాడు.

తన టేకు పలక ఒకటి గోనెసంచిలో చుట్టుకుని నంద్యాల బస్సెక్కాడు. ముందు కొత్త మిషన్లు అమ్మే షాపుకు పోయాడు. నీలం రంగు మిషను నిగనిగలాడుతోంది. ఇంట్లో కరెంటుతోనే నడుస్తుంది, ఏడాది గ్యారంటీ. తట్టి చూస్తే మాత్రం నూనె డబ్బాలా మోగింది. పలక తోశాడు. నునుపుగానే వచ్చింది గానీ చివర రెండంగుళాలు గుంట పడింది.

"సెట్టింగ్ చేస్తే పోతాది భాయ్," అన్నాడు తరుణ్, షాపులో మిషన్లు నడిపి చూపించే కుర్రాడు.

స్విచ్ కట్టేశారు. కత్తులింకా తిరుగుతుండగానే రహిమాన్ చెయ్యి తనంతట తాను ముందుకు పోయింది, బల్ల మీది పొట్టు ఊడ్చడానికి. ముప్పై ఏళ్ల అలవాటు. తరుణ్ మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఏం చేస్తాండావ్ భాయ్, ఇంకా తిరుగుతాంది."

రహిమాన్ నవ్వేసి పలకను గోనెసంచిలో చుట్టుకున్నాడు.

అక్కడి నుంచి మహానంది రోడ్డులో సత్యనారాయణ కొట్టుకు పోయాడు. వాకిళ్లు, కిటికీలు చేసి బతికిన పెద్దాయన. జనం రెడీమేడ్ తలుపులకు మళ్లడంతో కొట్టు మూసేస్తూ మిషను అమ్మకానికి పెట్టాడు. ఆయన మిషను పోత ఇనుముది, పాతికేళ్ల నాటిది, తుప్పుచారలు కూడా ఉన్నాయి. దాని మీద తోసిన పలక మాత్రం నిలవ నీళ్లలా సమంగా వచ్చింది. సత్యనారాయణ పలకను తిరిగి ఇస్తున్నప్పుడు రహిమాన్ ఆయన ఎడమ చెయ్యి చూశాడు. రెండు వేళ్లు సగానికి లేవు.

"దీని మీదే పోయినాయి," అన్నాడు సత్యనారాయణ. "నువ్వు అడిగేదేంది, నేనే చెప్తాండా. దాచి అమ్మడం నాకు చేతకాదప్పా."

తిరుగు బస్సులో శిరివెళ్ల దాటేదాకా రహిమాన్ ఒళ్లో పలకనే తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఒక ముఖం కొత్తది నునుపు చేసింది, రెండో ముఖం పాతది. ఏ ముఖం చూస్తే ఆ మిషనే మంచిదనిపించింది.

మోటార్లు చుట్టే మేనల్లుడు జావేద్‌ను అడిగితే చిక్కు ఇంకా ముదిరింది.

"పాతదానికి త్రీ ఫేజు కావాల మామా. మనింట్లో యాడుంది? మోటారు మార్చాల. బేరింగులు ఎట్లుండాయో దేవునికే తెలియాల."

"అయితే కొత్తదే తీసుకుందామా?"

"కొత్తదంతా రేకు మామా. అట్లాంటి పోత ఇనుము ఇప్పుడు యాడ దొరుకుతాది?"

"ఏందిరా నువ్వు, రెండు దిక్కులా మాట్లాడతాండావ్."

"అడిగినావ్, చెప్పినా," అన్నాడు జావేద్.

ఖాజాబీ మాట ఒక్కటే. "మనిషి వేళ్లు తిన్నదాన్ని ఇంట్లోకి తేవద్దు."

"కొత్తది మాత్రం మంచిదా? అది నా చెయ్యే తినబోయింది," అని నోరు జారాడు రహిమాన్. ఇక షాపులో జరిగింది మొత్తం చెప్పక తప్పలేదు. ఖాజాబీ అంతా వింది. మర్నాడు పొద్దున్నే బురఖా వేసుకుని, రహిమాన్‌ను వెంటబెట్టుకుని బస్టాండుకు బయల్దేరింది.

సత్యనారాయణ కొట్టులో ఆమె మిషను వంక చూడనే లేదు. "వేళ్లు ఎట్ల పోయినాయన్నా?" అని సూటిగా అడిగింది.

"కత్తుల మీద ఒక మూత ఉండేదమ్మా. పనికి అడ్డం వస్తాందని తీసి అటక మీద పెట్టినా. నెల రోజులు ఏమీ కాలేదు. ఒక రోజు తొందరలో పొట్టు ఊడ్చబోయినా. అంతే."

పొట్టు అన్న మాట వినగానే రహిమాన్ తన కుడిచేతి వంక చూసుకున్నాడు.

"ఆ మూత ఉందా?" అంది ఖాజాబీ.

ఉంది. దుమ్ము దులిపి బిగిస్తే సరిగ్గా కూర్చుంది. రహిమాన్ ఇంకో పలక తోశాడు. స్విచ్ కట్టేసి కత్తులు ఆగకముందే అతని చెయ్యి మళ్లీ పొట్టు మీదికి పోయింది. ఖాజాబీ గొంతులోంచి సన్నగా ఏదో శబ్దం వచ్చింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సత్యనారాయణ ఆ చేతిని చూశాడు. "నీకు ఇప్పుడే అమ్మనప్పా," అన్నాడు. "నాకు ఇంకా కొంచెం పని మిగిలింది. పది రోజులు ఈడికొచ్చి దీని మీద చెయ్యి. పొట్టు ఊడ్చడానికి చీపురు పట్టుకోవడం నేర్చుకో. ఆ తర్వాత ఇస్తా."

రహిమాన్‌కు తల కొట్టేసినట్టయింది. పదిమందికి పని నేర్పినవాడు యాభై దాటాక కూలివాడిలా ఇంకొకరి కొట్టుకు పోవాలా? అలాగని పోకుండానూ ఉండలేకపోయాడు. రోజూ పొద్దున బస్సెక్కేవాడు. మూడో రోజు చెయ్యి రెండుసార్లు పొట్టు మీదికి పోయింది. పోయినప్పుడల్లా సత్యనారాయణ చీపురుతో బల్ల మీద తట్టేవాడు, మాట మాత్రం అనేవాడు కాదు. ఆరో రోజు ఒక్కసారీ పోలేదు. గండం గడిచిందనుకుంటే తొమ్మిదో రోజు మళ్లీ పోయింది. పదో రోజు పోలేదు. అలవాటు పోయినట్టా, ఆ ఒక్క రోజు ఆగినట్టా? అతనికీ తెలియలేదు, ఆయనకూ తెలియలేదు.

ఆ సాయంత్రం బస్టాండుకు పోతూ కొత్త మిషన్ల షాపు ముందు ఆగిపోయాడు. నీలం మిషను అద్దం వెనక నుంచి కనిపిస్తోంది. తరుణ్ లోపలికి పిలిచాడు. రేపు వస్తానని చెప్పి వచ్చేశాడు.

ఇంట్లో అన్నం తింటూ, "పాతదే తీసుకుంటా," అన్నాడు.

ఖాజాబీ గిన్నె కింద పెట్టింది. "ఎందుకు?"

అతను ఆలోచించాడు. "పది రోజులు దాని చప్పుడు విన్నా. కత్తులు తిరుగుతాండాయో, ఆగినాయో ఇప్పుడు నా చెవికి తెలుస్తాంది. కొత్తదాని గొంతు నాకు తెలీదు."

ఆమెకు ఆ మాట పూర్తిగా నచ్చలేదు. అయినా అతని కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

మిషనును దించడానికి ఆరుగురు మనుషులు కావాల్సి వచ్చింది. బరువుకు షెడ్డు నాపరాళ్లు రెండు పగిలి, కింద కాంక్రీటు పోయించాల్సి వచ్చింది. జావేద్ మోటారు మార్చాడు గానీ లావు చెక్క పెడితే అది మూలుగుతుంది. రెండో నెలలో బేరింగు పోయింది. ఆ సైజుది దొరకడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఆ పద్దెనిమిది రోజులూ రహిమాన్ గడపలో కూర్చుని, కొత్తది కొనుంటే ఈ బాధ ఉండేది కాదని పొద్దున అనేవాడు. రేకుదైతే ఈపాటికి మొత్తమే పోయుండేదని సాయంత్రం అనేవాడు. ఏదో ఒకటి అనుకో, నన్ను పిచ్చిదాన్ని చేయొద్దని ఖాజాబీ విసుక్కునేది.

బేరింగు పడ్డాక మిషను మళ్లీ మొరాయించలేదు. భుజం నొప్పి తగ్గింది. వారానికి నాలుగు రెహళ్లు చేసినవాడు ఇప్పుడు తొమ్మిది చేస్తున్నాడు. స్విచ్ కట్టేశాక రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని నిలబడతాడు.

మొన్న గోస్పాడు నుంచి నతానియేలు అనే వడ్రంగి ఫోన్ చేశాడు. ఇంట్లోనే పని పెట్టుకుంటున్నాడట, మిషను పాతది కొనాలా కొత్తది కొనాలా అని అడిగాడు. కొత్తదే మేలని మొదలుపెట్టి, మధ్యలో పాతదానికి మళ్లి, రహిమాన్ అరగంట చెప్పాడు.

"ఇంతకీ ఏది కొనమంటావన్నా?" అన్నాడు నతానియేలు.

"తెలీదప్పా," అన్నాడు రహిమాన్, ఉన్నమాటే. "ఒక పూట ఈడికొచ్చి నాలుగు పలకలు తోసి చూడు. నేను పక్కనుంటా."

ఆదివారం చర్చి అయ్యాక నతానియేలు వచ్చాడు. సాయంత్రందాకా పలకలు తోశాడు, ఖాజాబీ ఇచ్చిన టీ తాగాడు. రేపు నంద్యాలలో కొత్తదాన్ని కూడా చూసి చెప్తానంటూ వెళ్లిపోయాడు.